ఎస్‌యూవీ టైమింగ్ చైన్: ఇంటి దగ్గర మార్చుకోవాలంటే ముందు ఏం తెలుసుకోవాలి?

మదనపల్లె మార్కెట్‌కు టమాట తీసుకుని చీకటితోనే బయలుదేరే రైతులకు ఈ చప్పుడు కొత్త కాదు. రాత్రంతా మంచులో నిలబడిన బండికి సెల్ఫ్ కొడతాం. రేకు డబ్బాలో మేకులు వేసి ఊపినట్టు ఇంజన్‌లో ఒక పక్క గలగలమంటుంది. రెండు మూడు సెకన్లకు ఆగిపోతుంది. డీజిల్ బండి కదా, చలికి అలాగే ఉంటుందిలే అనుకుని గేరు వేసి వెళ్లిపోతాం. చాలాసార్లు ఆ చప్పుడు టైమింగ్ చైన్‌ది. చైన్ వదులవుతోందని ఇంజన్ ముందుగా చెప్పేది ఆ రెండు మూడు సెకన్లలోనే.

మన చిత్తూరు, తిరుపతి వైపు పల్లెల్లో సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీలు కొన్న రైతులు చాలామంది ఉన్నారు. పెళ్లికీ అదే బండి, ఆసుపత్రికీ అదే. వెనక సీట్లు మడిస్తే నారు ట్రేలు, డ్రిప్ పైపులు, నాలుగు క్రేట్ల కాయలు కూడా అందులోనే వస్తాయి. అలాంటి బండికి టైమింగ్ చైన్ తెగితే రిపేరు ఖర్చు బండి విలువలో పెద్ద వంతే అవుతుంది. తెగకముందే మార్చుకుంటే అందులో కొద్ది భాగంతో సరిపోతుంది. ట్రాక్టరు పనులు సొంతంగా చేసుకునే రైతులు, ఇది కూడా ఇంటి దగ్గరే చేసుకోవచ్చా అని అడుగుతుంటారు. చేసుకోవచ్చు. కానీ ఇది ఫిల్టరు మార్చినంత తేలిక పని కాదు. ఎక్కడ చేయి ఆపాలో తెలిసినవాళ్లే మొదలుపెట్టాలి.

టైమింగ్ చైన్ పని ఏమిటి?

ఇంజన్ కింది భాగంలో క్రాంక్ షాఫ్ట్ తిరుగుతూ పిస్టన్లను పైకీ కిందికీ నడుపుతుంది. పైన హెడ్‌లో క్యామ్ షాఫ్ట్ వాల్వులను తెరిచి మూస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఆ రెండింటినీ కలిపి ఉంచేదే టైమింగ్ చైన్. మన ట్రాక్టర్లలో దాదాపు అన్నింటికీ ఈ పని పళ్ల చక్రాలు, అంటే టైమింగ్ గేర్లు చేస్తాయి. అందుకే ఏళ్ల తరబడి ట్రాక్టరు నడిపినవారికి కూడా ఈ చైన్ సంగతి తెలియకపోవచ్చు. స్ప్లెండర్ లాంటి బైకు ఉన్నవారికి మాత్రం తెలుసు. బైకు పాతబడితే ఇంజన్ ఎడమ పక్క కటకటమని వచ్చే చప్పుడు ఇలాంటి చైన్‌దే.

చైన్ సాగింది అని మెకానిక్‌లు అంటారు. నిజానికి ఇనుము రబ్బరులా సాగదు. ప్రతి లింకులో ఉండే పిన్ను, అది తిరిగే రంధ్రం కొద్దికొద్దిగా అరుగుతాయి. ఒక్కో లింకులో వెంట్రుకవాసి అరిగినా, అన్ని లింకులూ కలిపితే చైన్ పొడవు పెరుగుతుంది. ఆ వదులును టెన్షనర్ అనే చిన్న భాగం పక్కనుంచి నెట్టి సర్దుతుంది. చాలా ఇంజన్లలో టెన్షనర్ ఇంజన్ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. రాత్రంతా నిలబడిన బండిలో ఆ ఆయిల్ కిందికి దిగిపోతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టాక ఆయిల్ మళ్లీ ఎక్కేదాకా చైన్ ఊగుతూ కవరుకు, గైడ్లకు కొట్టుకుంటుంది. మీరు వినేది అదే.

టెన్షనర్ చాపు అయిపోయాక ఇక సర్దుబాటు ఉండదు. చైన్ ఒక పన్ను దాటి దూకుతుంది. అప్పుడు పికప్ తగ్గుతుంది, పొగ పెరుగుతుంది, స్టార్టింగ్ కష్టమవుతుంది. ఇంకో పన్ను రెండు పళ్లు దూకినా, తెగిపోయినా, తెరుచుకున్న వాల్వు మీదికి పిస్టన్ వచ్చి తగులుతుంది. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్‌కూ హెడ్‌కూ మధ్య చోటు చాలా తక్కువ. వాల్వులు వంగుతాయి, రాకర్లు విరుగుతాయి, ఒక్కోసారి పిస్టన్ కూడా పగులుతుంది.

మీ బండిది చైనా, బెల్టా?

పని మొదలుపెట్టే ముందు ఇది తేల్చుకోవాలి. రెండో చేతి బండి కొన్నవారిలో ఎక్కువమందికి ఈ సంగతే తెలియదు. మారుతి బ్రెజా డీజిల్‌లో ఉన్న 1,248 సీసీ ఇంజన్‌కు చైన్ ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ కార్లు అమ్మడం మానేసింది కాబట్టి మీరు చూసే డీజిల్ బ్రెజా ఏదైనా ఆ లోపుదే, చైన్ మీద శ్రద్ధ పెట్టే వయసుకు వచ్చినదే. స్కార్పియోలో ఎంహాక్ 2.2 లీటర్ ఇంజన్‌కూ, ఇన్నోవా క్రిస్టాలో 2.4 లీటర్ డీజిల్‌కూ చైనే. కానీ దానికి ముందు వచ్చిన పాత ఇన్నోవా 2.5 లీటర్ డీజిల్‌కు, రెనో డస్టర్ 1.5 డీజిల్‌కు రబ్బరు టైమింగ్ బెల్టు ఉంటుంది.

బెల్టుకూ చైన్‌కూ పెద్ద తేడా ఉంది. బెల్టు ముందుగా చప్పుడు చేయదు. మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లకో, ఏళ్లకో ఏది ముందు వస్తే దానికి మార్చాల్సిందే. పాత యజమాని మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. చైన్‌కు చాలా బండ్లలో ఇన్ని కిలోమీటర్లకు మార్చాలని లెక్క ఉండదు. ఇంజన్ ఉన్నంతకాలం ఉండాలని చేస్తారు. ఆ మాట సరైన ఆయిల్, సరైన సమయానికి పోసిన ఇంజన్‌కే వర్తిస్తుంది.

ఆయిల్ దగ్గరే అసలు తప్పు జరుగుతుంది

ఇంట్లో ట్రాక్టరు ఉన్నవారు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. ట్రాక్టరుకు తెచ్చిన 15డబ్ల్యూ-40 డబ్బాలో రెండు లీటర్లు మిగులుతుంది. కారులో ఆయిల్ తగ్గిందని అందులోంచే పోస్తారు. ఇప్పటి చిన్న డీజిల్ ఇంజన్లలో చాలావాటికి 5డబ్ల్యూ-30 లాంటి పలుచని ఆయిల్ చెప్తారు. చిక్కటి ఆయిల్ చలి పొద్దున టెన్షనర్‌కు ఆలస్యంగా చేరుతుంది. అంతసేపూ చైన్ ఊగుతూనే ఉంటుంది. బీఎస్6 బండ్లలో పొగ గొట్టానికి ఫిల్టరు ఉంటుంది కాబట్టి వాటికి తక్కువ బూడిద మిగిల్చే ప్రత్యేక ఆయిల్ కావాలి. ఏ గ్రేడు పోయాలో మాన్యువల్‌లో ఉంటుంది. ట్రాక్టరు హైడ్రాలిక్, గేర్‌బాక్స్ ఆయిల్‌ను ఇంజన్‌లో ఒక్క చెంబు కూడా పోయకండి.

రెండో తప్పు కిలోమీటర్లనే నమ్ముకోవడం. పొలానికీ ఇంటికీ మధ్య మూడు నాలుగు కిలోమీటర్లు తిరిగే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. వేడెక్కని ఇంజన్‌లో డీజిల్, మసి ఆయిల్‌లో కలిసి దాన్ని పాడుచేస్తాయి. తోతాపురి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు వరుసలో ఏసీ వేసుకుని గంటల తరబడి ఇంజన్ నడుస్తూ ఉంటుంది. మీటరు కదలదు, ఆయిల్ మాత్రం అరుగుతూనే ఉంటుంది. మసి కలిసిన ఆయిల్ చైన్ పిన్నుల మధ్య సన్నటి ఉప్పు కాగితంలా పనిచేస్తుంది. మన మాదిరి వాడకానికి కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే, కనీసం ఏడాదికి ఒకసారైనా ఆయిల్, ఫిల్టరు మార్చడం మంచిది. మాన్యువల్‌లో కఠిన వాడకానికి వేరే గడువు రాసి ఉంటే అదే మనది.

చప్పుడు విని తేల్చుకోవడం

చల్లటి ఇంజన్ మీద పొద్దునే చూడాలి. బానెట్ ఎత్తి ఒకరు పక్కన నిలబడి వినాలి, ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. ఒక్క సెకను గలగలమని ఆగితే ముందు ఆయిల్ మట్టం చూసి, పాతదైతే ఆయిల్, ఫిల్టరు మార్చి చూడండి. కొన్ని బండ్లలో అంతటితో తగ్గుతుంది. రోజురోజుకూ ఆ చప్పుడు ఎక్కువసేపు వస్తున్నా, వేడెక్కాక న్యూట్రల్‌లో కూడా వినిపిస్తున్నా ఆలస్యం చేయకూడదు. ఫ్యాన్ బెల్టు పుల్లీల బేరింగులు కూడా ఇలాంటి చప్పుడే చేస్తాయి. ఆ బెల్టు తీసి కొద్ది సెకన్లు మాత్రం ఇంజన్ నడిపితే తేడా తెలిసిపోతుంది. చెక్ ఇంజన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టించండి. పి0016 అనే కోడ్ వస్తే క్రాంక్, క్యామ్ ఒకదానికొకటి సరిపోవడం లేదని అర్థం. సెన్సరు తప్పు కూడా కావచ్చు. కానీ చప్పుడూ, కోడూ రెండూ ఉంటే ఆ బండిని నడిపి తిరుపతికి తీసుకుపోదామని చూడకండి.

భాకరాపేట ఘాట్‌లోనో, మొగిలి ఘాట్‌లోనో దిగుతున్నప్పుడు చైన్ తెగితే ఇంజన్ ఒక్కసారిగా ఆగుతుంది. బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపు ఇంజన్‌తోనే తిరుగుతుంది. అది ఆగాక బూస్టర్‌లో మిగిలిన బలం రెండు మూడు తొక్కుళ్లకే సరిపోతుంది. తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. బ్రేకు పోయిందని కంగారుపడి పదేపదే తొక్కకండి. ఒకసారి తొక్కిన కాలు తీయకుండా బలమంతా పెట్టి తొక్కి పట్టండి. హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగుతూ కొండ పక్కకు తీసుకోండి. తాళం చెవి బయటికి లాగకండి, స్టీరింగ్ లాక్ అవుతుంది. బండి ఆగాక మళ్లీ సెల్ఫ్ కొట్టడం, తోసి స్టార్ట్ చేయడం అసలు వద్దు. ఒకటో రెండో వాల్వులు వంగి ఆగిన ఇంజన్‌లో మిగిలినవి కూడా అలాగే పోతాయి.

పని మొదలుపెట్టే ముందు

చైన్ ఇప్పటికే తెగినా, దూకినా ఇంటి దగ్గర పని లేదు. హెడ్ విప్పి వాల్వులు చూడాలి, షెడ్డుకే తీసుకెళ్లాలి. కింద చెప్పేదంతా చప్పుడు దశలో ఉన్న ఇంజన్‌కే.

సీజన్ మధ్యలో మొదలుపెట్టకండి. మొదటిసారి చేసేవారికి రెండు రోజులు పడుతుంది. బోల్టు విరిగిందో, ఒక సీలు తక్కువ వచ్చిందో ఇంకో రోజు పోతుంది. చదునైన సిమెంటు నేల కావాలి. కొత్తగా తడిసిన కళ్లం మీద జాకీ దిగబడుతుంది. బండి కిందికి వెళ్లేటప్పుడు ఇటుకలు, బండరాళ్లు నమ్మకూడదు. ఇటుక పగిలేటప్పుడు ముందుగా చెప్పదు. ఇనుప స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు అడ్డు వేయాలి.

చైన్ ఒక్కటే కొనడం పొదుపు కాదు. చైన్, టెన్షనర్, గైడ్లు, స్ప్రాకెట్లు, క్రాంక్ ముందు సీలు అన్నీ కలిసిన కిట్ తీసుకోండి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే అదీ త్వరగా అరుగుతుంది. తిరుపతి ఆటోనగర్‌లో కొన్నా, ఇంకెక్కడ కొన్నా ఛాసిస్ నంబరు చెప్పి తీసుకోండి. ఒకే పేరుతో వచ్చిన బండిలో రెండు మూడు రకాల ఇంజన్లు ఉంటాయి. పాతది విప్పాక కొత్త చైన్ లింకులు లెక్కపెట్టి చూడండి.

అన్నిటికంటే ముఖ్యమైనది మీ ఇంజన్‌కు సరిపోయే టైమింగ్ లాక్ కిట్. ఇవి క్రాంక్‌ను, క్యామ్‌ను వాటి స్థానంలో కదలకుండా పట్టి ఉంచే పిన్నులు. కొన్ని ఇంజన్లలో స్ప్రాకెట్‌కూ షాఫ్ట్‌కూ మధ్య కీ ఉండదు. బోల్టు బిగువు మీదే నిలబడుతుంది. అలాంటి ఇంజన్‌లో బోల్టు వదులు చేసిన క్షణమే టైమింగ్ పోయినట్టు. సున్నపు గుర్తో, పెయింట్ చుక్కో పెట్టుకుని తిరిగి బిగించవచ్చనుకోవడం అక్కడ పనికిరాదు. లాక్ కిట్, టార్క్ రెంచ్, మీ ఇంజన్ రిపేరు పుస్తకంలోని కొలతలు చేతిలో లేకపోతే ఆ రోజు బానెట్ మూసేయండి. కిట్ ఉన్న మెకానిక్‌ను ఇంటికి పిలిపించుకోవడం ఇంకో దారి. అప్పుడు విప్పడం, కడగడం మీరు చేసుకుని, టైమింగ్ పెట్టే పని ఆయన చేతికి వదిలేయండి. నన్నడిగితే మొదటిసారికి ఇదే మేలు.

విప్పడం

బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ఇంజన్ చల్లబడ్డాక కూలెంట్, ఆయిల్ దించండి. స్కార్పియో లాంటి బండ్లలో ఇంజన్ నిలువుగా ఉంటుంది కాబట్టి రేడియేటర్, ఫ్యాన్ తీస్తే ముందు చోటు దొరుకుతుంది. బ్రెజా లాంటి వాటిలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది. ముందు చక్రం, లోపలి ప్లాస్టిక్ తీసి ఆ సందులోంచి పని చేయాలి. అక్కడ ఇంజన్ మౌంట్ కూడా తీయాల్సి వస్తుంది. దానికి ముందే ఆయిల్ ఛాంబర్ కింద చెక్క దిమ్మె పెట్టి జాకీతో ఇంజన్ బరువు పట్టాలి. జాకీని నేరుగా ఛాంబర్ రేకుకు ఆనించకండి.

క్రాంక్ పుల్లీ బోల్టు ఈ పనిలో అందరినీ ఏడిపిస్తుంది. కొన్ని ఇంజన్లలో అది రివర్స్ థ్రెడ్. పుస్తకం చూడకుండా బలం పెడితే వదులు కావాల్సింది బిగుసుకుంటుంది. పానాను ఛాసిస్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టి వదులు చేసే పద్ధతి కొందరికి అలవాటు. పానా ఎగిరి తగిలితే ఎముక విరుగుతుంది, వద్దు. ఇంకో పొరపాటు, లాక్ పిన్ను పెట్టి దాని బలంతో బోల్టు విప్పడం. ఆ పిన్ను స్థానం చూపడానికే, బరువు మోయడానికి కాదు. పుల్లీ పట్టే పనిముట్టు వేరే ఉంటుంది.

బోల్టు వదులయ్యాక ఇంజన్‌ను అది మామూలుగా తిరిగే దిక్కులోనే చేత్తో తిప్పి, మొదటి పిస్టన్‌ను పుస్తకం చెప్పిన స్థానానికి తెచ్చి, పిన్నులు పెట్టండి. పిన్ను దానంతట అది దిగాలి, సుత్తితో కొట్టకూడదు. దిగకపోతే చైన్ ఇప్పటికే ఎంతో కొంత జరిగి ఉండవచ్చు. తర్వాత ముందు కవరు తీస్తారు. కొన్ని ఇంజన్లలో ఆయిల్ పంపు ఆ కవరులోనే ఉంటుంది, ఆయిల్ ఛాంబర్ కూడా దించాలి. దించాల్సిన అవసరం లేకపోయినా, గైడ్లు విరిగి ఉంటే దించే తీరాలి. ప్లాస్టిక్ ముక్కలు ఛాంబర్‌లో పడి ఆయిల్ జల్లెడకు అడ్డం పడితే కొత్త చైన్‌తో పాటు బేరింగులు కూడా పోతాయి. విప్పే ప్రతి దశకూ ఫోనులో ఫోటో తీయండి. బోల్టుల పొడవులు వేర్వేరుగా ఉంటాయి. అట్ట ముక్క మీద కవరు బొమ్మ గీసి, ఎక్కడి బోల్టు అక్కడే గుచ్చి పెట్టుకుంటే తికమక ఉండదు.

ఎక్కించడం

కొత్త చైన్‌లో రెండు మూడు లింకులు వేరే రంగులో ఉంటే అవి స్ప్రాకెట్ల మీది గుర్తులకు ఎదురుగా రావాలి. గైడ్లు బిగించి, చైన్ వేసి, చివరగా టెన్షనర్ పెట్టండి. కొత్త టెన్షనర్ చిన్న పిన్నుతో నొక్కి పెట్టి వస్తుంది. అంతా బిగించాకే ఆ పిన్ను లాగాలి. ముందే లాగితే లోపలి రాడ్ బయటికి వచ్చేస్తుంది, మళ్లీ నొక్కి పెట్టడం ఓ తంటా. ఒకసారి బిగించాక మళ్లీ వాడకూడదని పుస్తకం చెప్పిన బోల్టులు కొత్తవే వేయండి. మిగిలినవన్నీ చెప్పిన టార్క్‌కు మాత్రమే. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు లాక్ పిన్నులు తీసి, చేత్తోనే క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఈ పని వదిలేసి సెల్ఫ్ కొట్టినవాళ్లే ఎక్కువగా వాల్వులు వంచుకుంటారు. మధ్యలో గట్టిగా ఏదైనా తగిలినట్టు ఆగితే బలం పెట్టకండి. పిస్టన్ వాల్వుకు తగులుతోందని అర్థం, వెనక్కి వచ్చి టైమింగ్ మళ్లీ పెట్టాలి. ఏ అడ్డూ లేకుండా రెండు చుట్లు తిరిగాక లాక్ పిన్నులు మళ్లీ తేలిగ్గా దిగాలి. దిగితేనే టైమింగ్ సరి. అప్పటికి రంగు లింకులు గుర్తులకు ఎదురుగా ఉండవు. అది చూసి భయపడి మళ్లీ విప్పినవాళ్లు ఉన్నారు. లింకుల సంఖ్య, పళ్ల సంఖ్య సమానం కాదు కాబట్టి అవి మళ్లీ ఒకచోటికి రావడానికి చాలా చుట్లు పడుతుంది. స్ప్రాకెట్ గుర్తులనూ, పిన్నులనూ మాత్రమే నమ్మండి.

కవరుకు సిలికాన్ పేస్టు సన్నటి తాడులా ఒకే గీతగా వేయండి. ఎక్కువ వేస్తే లోపలికి ఉబికి, ముక్కలై జల్లెడలో చేరుతుంది. ట్యూబు మీద రాసినంతసేపు ఆరనిచ్చాకే ఆయిల్ పోయాలి. ఆయిల్ ఫిల్టరు కొత్తదే వేయండి.

మొదటి స్టార్ట్‌కు తొందర వద్దు. టెన్షనర్‌లో ఇంకా ఆయిల్ లేదు. ఇంజెక్టర్ల కరెంటు ప్లగ్గులు తీసి, ఇంజన్ అందుకోకుండా కొద్దికొద్దిగా సెల్ఫ్ తిప్పి, ఆయిల్ లైటు ఆరిపోయేదాకా చూడండి. తర్వాత ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేయండి. మొదటి కొన్ని సెకన్లు చప్పుడు రావచ్చు. ఆ తర్వాత కూడా ఆగకపోతే వెంటనే ఆపేయండి. ప్లగ్గులు తీసినందుకు చెక్ ఇంజన్ లైటు వెలిగితే స్కానర్‌తో తీయించుకోవచ్చు. ఇంజన్ నడుస్తున్నప్పుడు కామన్ రైల్ డీజిల్ పైపుల నట్లు వదులు చేయకండి. లోపల ఒత్తిడి వెయ్యి బార్ కూడా దాటవచ్చు, సన్నటి ధార కూడా చర్మంలోకి దూసుకుపోతుంది.

మొదటి రోజు ఊరి చుట్టూ నడిపి, ఆయిల్, కూలెంట్ మట్టాలు చూసి, కవరు అంచుల్లో కారుతోందేమో గమనించండి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ మీద మళ్లీ వినండి. ఆ తర్వాతే కనుమ దారి ఎక్కండి. దించిన పాత ఆయిల్‌ను కాలువలోనో బావి గట్టు మీదో పోయకుండా డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునేవారికి ఇవ్వండి. చైన్ మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, పోసిన ఆయిల్ గ్రేడు ఒక కాగితం మీద రాసి బానెట్ లోపలి వైపు అంటించండి.